సుత్తి కింద సముద్రపు రాయి

మాచర్ల దగ్గర నాపరాళ్ల క్వారీలో వయసంతా గడిపిన అంకమ్మకు, చేతికొచ్చిన ఏ రాయినైనా సుత్తితో కొట్టి చూడందే మనసొప్పదు. సముద్రాల అడుగును పరిశోధించే ఓడలో పనిచేస్తున్న మేనకోడలు స్రవంతి, నడిసముద్రం అడుగు బురదలో దొరికిన మాంగనీసు ముద్దను అత్తకు చూపిద్దామని తెచ్చింది. నల్లగా, బంగాళాదుంపంత ఉంది. స్రవంతి మంచినీళ్లు తాగి వచ్చేలోపు అది రెండు చెక్కలైంది. లోపల ఉల్లిపాయకున్నట్టు పొరలు, నడుమ సొరచేప పన్ను.

"అయ్యో అత్తా! ఆ పన్ను చుట్టూ పొర మీద పొర పేరుకుంటా వచ్చింది. గోరు మందం పెరగాలన్నా లక్షల ఏళ్లు పట్టుద్ది!"

అంకమ్మ చెక్కల్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏందే, ఇంత నత్తనడక పనా? మా మేస్త్రీ అయితే ఆ సముద్రాన్ని మద్దేనానికల్లా పనిలోంచి పీకేసేవోడు."