మిషన్ వేసిందీ, నేను వేసిందీ

ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేం కాదు, ఏడెనిమిదేళ్ల కిందట, నాకు మనుషులతో మాట్లాడటం కంటే డైరీతో మాట్లాడటం సులువుగా ఉండేది. బస్సులో కండక్టరు "యాడికి?" అని అడిగితే నేను చెప్పిన ఊరు నాకు తప్ప ఎవరికీ వినిపించేది కాదు. ఒకసారి కురబలకోటకు అడిగితే ఆయన దానికంటే ముందొచ్చే అంగళ్లు అనే ఊరికి టికెట్టు కొట్టాడు. పొరపాటని చెప్పడానికి నోరు రాక అంగళ్లలోనే దిగి, మిగతా దారంతా నడిచి ఇల్లు చేరాను. (ఇంట్లో మాత్రం వ్యాయామం కోసం నడిచానని చెప్పాను.)

అలాంటి నేను డిగ్రీ కాగానే మదనపల్లెలో కొత్తగా తెరిచిన ఒక పెద్ద అంగట్లో ఉద్యోగానికి కుదిరాను. సబ్బుల నుంచి చీరల దాకా, బెల్లం నుంచి బకెట్ల దాకా అన్నీ ఒకే కప్పు కింద, అన్నీ తగ్గింపు ధరకే. బోర్డు మీద ఉన్న ఇంగ్లీషు పేరు మా వాళ్ల నోట పలకక అది 'తగ్గింపంగడి' అయిపోయింది. మొదట పుంగనూరులో, తరువాత మదనపల్లెలో, ఆ పైన కుప్పంలో తెరిచారు. మూడు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. నచ్చకపోతే నేను మా మేనత్త టైలరింగ్ అంగట్లో గుండీలు కుడుతూ, జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ డిగ్రీ చదివి ఇక్కడెందుకున్నానో వివరించాలి. ఆ వివరించే పని తలచుకుంటేనే నాకు ఎలాగైనా ఈ ఉద్యోగం నిలబెట్టుకోవాలనిపించేది.

మా మేనేజరుది పలమనేరు. ఎండాకాలంలో కూడా టై విప్పేవారు కాదు కాబట్టి ఆయన మాకు టై సార్. నా గొంతు విని (వినపడక) నన్ను పప్పులు తూచే చోట నిలబెట్టారు. మాట్లాడే పని లేదు, మిషన్ మీద పెట్టు, స్టిక్కర్ వస్తుంది, కవరుకి అంటించు, అంతే అన్నారు. నా కోసమే కనిపెట్టిన ఉద్యోగంలా తోచింది. రెండు వారాలు ఒక్క మాట ఖర్చు లేకుండా గడిచాయి.

మూడో వారం తంబళ్లపల్లె బస్సు దిగి ఒక అవ్వ వచ్చింది. కిలో కందిపప్పు అడిగింది. తూచాను, స్టిక్కర్ అంటించి ఇచ్చాను. ఆమె కదల్లేదు. కవరు మూతి తెరిచి పట్టుకుని నా ముందే నిలబడింది. నేనూ నిలబడ్డాను.

"కొసరెయ్ పాపా."

తూకం అయిపోయిందన్నట్టు మిషన్ వైపు చూపించాను.

"అది మిషన్ ఏసింది. నువ్వేసింది యాడ?"

ఈ ప్రశ్నకు శిక్షణలో జవాబు చెప్పలేదు. మా వైపు తూకమయ్యాక చేత్తో ఇంకో పిడికెడు వేస్తే గానీ బేరం ముగిసినట్టు కాదు. అది అవ్వకూ తెలుసు, నాకూ తెలుసు, ఆ మిషన్‌కే తెలియదు. వెనక వరుసలో వాళ్లు దగ్గుతున్నారు. కుదరదని చెప్పాలంటే నోరు తెరవాలి, వేయాలంటే చెయ్యి తెరిస్తే చాలు. వేశాను. బిల్లు దగ్గర స్టిక్కర్ చూస్తారే తప్ప మళ్లీ ఎవరూ తూచరు. అవ్వ నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

పై వారం అవ్వ ఇంకో నలుగురిని వెంటబెట్టుకొచ్చింది. నెల తిరిగేసరికి నా ముందు వరుస వాకిలి దాకా సాగింది. పక్కన తూచే అక్క (కుప్పం నుంచి వచ్చింది కాబట్టి కుప్పం అక్క) ఈగలు తోలుకుంటూ, "నా కాడ లేనిది నీ కాడ ఏముందమ్మే?" అని అడిగింది. చెవిలో చెప్పాను. మర్నాటి నుంచి ఆమె దగ్గరా వరుసే. పప్పు కోసం వచ్చినవాళ్లు ఊరికే పోరు కదా, బకెట్లు కొన్నారు, దుప్పట్లు కొన్నారు, అవసరం లేకపోయినా ప్లాస్టిక్ స్టూళ్లు కొన్నారు. అద్దాల గదిలోంచి ఇదంతా చూసిన టై సార్ నన్ను పిలిచి, కస్టమర్లను నేనెట్లా పలకరిస్తున్నానో పుంగనూరులోనూ కుప్పంలోనూ ఉన్న అమ్మాయిలకు నేర్పించి రమ్మన్నారు. నేను, పలకరింపు నేర్పడం!

పుంగనూరులో పదిమంది అమ్మాయిలు నోట్‌బుక్కులు తెరిచి నా ముందు కూర్చున్నారు. రెండు గ్లాసుల నీళ్లు తాగాను. తరువాత ఒక్కొక్కరినీ మిషన్ దగ్గరికి తీసుకెళ్లి, స్టిక్కర్ అంటించాక పిడికెడు పప్పు వేసి చూపించాను. అందరికీ వెంటనే అర్థమైంది. 'ఈ రోజు తొలిసారి ప్రసంగించాను. ప్రసంగం నిడివి ఒక పిడికెడు' అని డైరీలో రాసుకున్నాను. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడే జనం వస్తారు. అక్కడైతే ఇంకా సులువైంది, పిడికిలికి ఏ భాషా అక్కర్లేదు. మూడు ఊళ్లలోనూ మా అంగళ్లు కిటకిటలాడాయి. నా చెయ్యి నాకే గొప్పగా కనిపించేది.

ఉద్యోగం ఖాయమయ్యే ముందు వారం పెద్ద ఆఫీసు వాళ్లు సరుకు తనిఖీకి వచ్చారు. స్టిక్కర్ల ప్రకారం ఇంకా ఉండాల్సిన పప్పు బస్తాల్లో లేదు. పైగా మూడు ఊళ్లలోనూ లేదు. ఎవరో దొంగిలిస్తున్నారన్నారు. కుప్పంలో బంధువులున్నారని అనుమానం కుప్పం అక్క మీదికి పోయింది. ఆమె తలవంచుకుని, "నాకేం తెలీదు సార్" అంది గానీ నా పేరు చెప్పలేదు.

ఆ మాట విన్నాక నాకు గుండీలు, మేనత్త, జాకెట్ల కొలతలు ఏవీ గుర్తు రాలేదు. అద్దాల గదిలోకి వెళ్లాను. సంచిలోంచి డైరీ తీసి, అవ్వకు కొసరు వేసిన సంగతి రాసుకున్న పేజీని మడిచి, బల్ల మీద పెట్టాను. టై సార్ చదివారు. పేజీ తిప్పారు. (నేను మడిచింది ఒక్కటే.) తరువాతి పేజీలో 'టై సార్ ఈ రోజు కూడా టై కొసను సాంబారులో ముంచారు, ధరల చీటీతో తుడుచుకున్నారు' అని ఉంది. ఆయన ఒకసారి తన టై వైపు చూసుకున్నారు. అంతా అయిపోయిందనుకున్నాను.

"నేను పలకరింపు అనుకొంటిని," అన్నారు చివరికి. "మా యమ్మ కూడా కొసరు లేకుండా అంగట్లోంచి కాలు బయట పెట్టదు. నీ ఉద్యోగానికేం గాదు, పో. చెయ్యి మాత్రం కట్టేసుకో."

కుప్పం అక్క మీది అనుమానం ఆ పూటే తీరిపోయింది. ఇక్కడి జనానికి కొసరు ఇవ్వక తప్పదని టై సార్ పెద్ద ఆఫీసుకు రాశారట. వాళ్లు బాగా ఆలోచించి, విడి పప్పులు తీసేసి సీలు వేసిన ప్యాకెట్లు పంపారు. ప్రతి దాని మీదా కొంచెం ఎక్కువే వేశామని అచ్చు వేయించారు. నన్ను వాటిని అరల్లో సర్దే పనికి మార్చారు. అవ్వ ఒక ప్యాకెట్టు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఇందులోనే కొసరు ఉందని, ఈసారి నోటితోనే చెప్పాను.

"ఎవురేసినారు? నేను సూడలే," అని ప్యాకెట్టు అరలో పెట్టేసి వెళ్లిపోయింది.

ఆమె వెనకే నలుగురు, వాళ్ల వెనకే వరుస. పప్పు కోసం రానివాళ్లు బకెట్ల కోసం ఎందుకొస్తారు? ఫోన్లలో కొనడం ఎక్కువైందని, ఇంకా పెద్ద అంగళ్లు వచ్చాయని పెద్ద ఆఫీసు చెప్పిన కారణాలు నిజమే కావచ్చు. నా డైరీలో మాత్రం ఒక్క కారణమే ఉంది. కుప్పం అంగడి ముందు మూశారు, తరువాత పుంగనూరుది, చివరికి మాది.

ఆఖరి రోజు, సగం ధరకు బకెట్టు కొనుక్కోవడానికి అవ్వ వచ్చింది. పోతూ పోతూ నన్ను వెతుక్కుని, నా చెయ్యి లాగి, సంచిలోంచి తన చేని వేరుశనక్కాయలు పిడికెడు తీసి అందులో పోసింది.

"ఇది నేనేసింది," అంది.

ఇప్పుడు నేను ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. బస్సులో నా టికెట్టు సరిగ్గా కురబలకోటకే కొడుతున్నారు. ఒక్కొక్కరికి రెండు పుస్తకాలే ఇవ్వాలని రూలు, కంప్యూటరు కూడా రెండే ఒప్పుకుంటుంది. అప్పుడప్పుడు ఎవరో ఒక అమ్మాయి ఆ రెండూ గుండెకు హత్తుకుని, ఇంకేదో అడగాలని, అడగలేక, అక్కడే నిలబడిపోతుంది. ఆ నిలబడటం నాకు తెలుసు. నా సొంత పుస్తకాల్లోంచి సన్నటిదొకటి తీసి, ఏమీ అనకుండా, ఆమె చూస్తుండగానే పైన పెడతాను.