ఉన్నావా బావా

మా వాళ్లలో సముద్రంలోకి దిగినవాడు ఒక్కడూ లేడు. మాది విజయనగరం వైపు పల్లె. చెరకు తెలుసు, నువ్వులు తెలుసు, కెరటం తెలియదు. అలాంటి ఇంటికి అల్లుడుగా వచ్చిన మా బావ, అంటే మా అక్క భర్త, విశాఖ ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు వెల్డరుగా కుదిరి, నలభై దగ్గరపడ్డాక ఫోనులో వీడియోలు చూసి, ఊపిరి బిగబట్టి నీళ్లలో మునిగి పెద్ద చేపల్ని కొట్టడం నేర్చుకున్నాడు. గాలి సిలిండరు ఉండదు. ఒక్క గుక్క గాలి, చేతిలో తుపాకి. ఆ తుపాకి కూడా కొన్నది కాదు. టేకు చెక్క, రబ్బరు పట్టీలు, మొన సానపట్టిన స్టీలు చువ్వ, అన్నీ తనే కూర్చుకున్నాడు.

ఆయనకి తోడు నేను. మద్దిలపాలెంలో ఒక చిన్న ఆఫీసులో కాగితాలు చూసుకునే గుమాస్తాని. నాకు ఈత వచ్చు, భయపడటం అంతకంటే బాగా వచ్చు. పైన కాపలాకి అలాంటివాడే కావాలని బావ నన్ను ఎంచుకున్నాడు. ఆదివారం పొద్దున్నే భీమిలి దారిలో రాళ్ల దగ్గర మేం సామాను దించుతుంటే, వలలు సర్దుకునే జాలరులు నవ్వుకునేవారు. "ఈళ్లకి గట్టు మీద సేపలు దొరకవేటి?" అని ఒకాయన ప్రతి వారం అడిగేవాడు. బావ కూడా ప్రతి వారం నవ్వి ఊరుకునేవాడు.

ఊపిరి బిగబట్టడం ఇంట్లోనే సాధన చేసేవాడు. డ్యూటీ నుంచి వచ్చి మంచం మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, ఛాతీ కదలకుండా ఉండిపోయేవాడు. అక్క మొదట్లో హడలిపోయింది. వంటింట్లోంచి కేకేసేది. "ఏటి, ఉన్నావా?"

"ఉన్నాను," అనేవాడు. ఆ ఒక్క మాటతో బిగబట్టిన గాలంతా పోయేది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టుకోవాలి. విసుక్కునేవాడు గానీ పలకడం మాత్రం ఒక్కసారి కూడా మానలేదు. పోనుపోను అది ఇంట్లో అలవాటైపోయింది. ఆయన స్నానాల గదిలో ఆలస్యం చేసినా, డాబా మీద ఫోను మాట్లాడుతున్నా, అక్క అడగడం, బావ పలకడం. నేను వాళ్లని ఆట పట్టించేవాణ్ణి.

ఆ మాటనే బావ సముద్రంలోకి తెచ్చాడు. ఇలా మునిగేవాడికి ప్రమాదం అడుగున కాదు, పైకి వచ్చే చివరి రెండు బారల నీళ్లలో. అక్కడ స్పృహ పోతుంది. కేక ఉండదు, కాళ్లు చేతులు కొట్టుకోవడం ఉండదు, నిద్ర పట్టినట్టు పోతుంది. నీళ్ల పైకి వచ్చి రెండు గుక్కలు పీల్చుకున్నాక కూడా పోవచ్చు. అందుకని బావ పైకి రాగానే నేను "ఉన్నావా బావా?" అని అడగాలి. "ఉన్నాను" అని వినపడేదాకా కళ్లు తిప్పకూడదు. వినపడకపోతే వెంటనే గడ్డం పట్టుకుని తల నీళ్ల పైకి ఎత్తాలి, ముఖం మీద ఊదాలి, చెంపల మీద కొట్టాలి. ఇసుకలో నన్ను పడుకోబెట్టి మరీ నేర్పాడు. కొట్టడం మాత్రం తనే కొట్టి చూపించాడు.

ఇంకో కట్టుబాటు తరవాత వచ్చింది. తుపాకికి పొడుగు తాడు, ఆ తాడు చివర గాలి నింపిన లారీ ట్యూబు. పెద్ద చేప చువ్వతో పరిగెత్తితే బావ తుపాకి వదిలేస్తాడు, ట్యూబు దాన్ని అలిసిపోయేలా చేస్తుంది. ఒకసారి బావ పైకి రాగానే ఆయన్నే చూస్తూ ఉండిపోయాను. ఈలోగా చేప ట్యూబుని లాక్కుపోయింది. మూడు వారాలు కూర్చుని చేసుకున్న తుపాకి అలా వెళ్లిపోయింది. ఆ రోజు బావ నన్ను తిట్టలేదు. తడి తల తుడుచుకుంటూ అన్నాడు.

"ఈసారి ట్యూబు కదిల్తే నువ్వు దాని ఎనకాల్నే ఎల్లిపో. నన్ను సూడకు. నానొత్తాను."

"నీ సంగతో?" అన్నాను.

"నా సంగతి నాను సూసుకుంటాను గాని, నువ్వు ట్యూబు ఒగ్గకు."

ఒకటి చూడమంటుంది, ఒకటి చూడొద్దంటుంది. రెండూ ఒకే క్షణాన ఎదురైతే ఏం చేయాలో మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. పొలం మనుషులం, కళ్లెదుట పంట పోతుంటే చూస్తూ ఊరుకోవడం చేతకాదు. ఆ బుద్ధినే నీళ్లలోకి తీసుకెళ్లాం.

ఆ రోజు మార్చి నెల ఆదివారం. నీళ్లు తేటగా ఉన్నాయి, ఆరు బారల లోతున రాళ్లు కనిపిస్తున్నాయి. బావ మూడోసారి దిగాడు. ఒక పెద్ద కోనాం చేప, నా భుజందాకా వస్తుందేమో అంత పొడుగు, రాళ్ల పక్క నుంచి తాపీగా వచ్చింది. బావ కదలకుండా ఉండిపోయాడు. అది పక్కకి తిరిగేదాకా ఆగాడు. ఆగాల్సిన దానికంటే ఎక్కువే ఆగాడని నాకు అప్పుడే అనిపించింది. తరవాత చువ్వ వెళ్లింది, తాడు బిగిసింది, ట్యూబు ఒక్కసారి మునిగి లేచి పరిగెత్తింది.

బావ పైకి బయలుదేరడం చూశాను. ముఖం నా వైపే ఉంది. ఇక వచ్చేస్తాడనుకున్నాను. వెనక్కి తిరిగి ట్యూబు వెనకాల ఈదాను.

దాన్ని పట్టుకున్నాను. ఆ సంగతి దాచను, పట్టుకున్నప్పుడు నాకు పట్టరాని సంతోషం కలిగింది. ట్యూబు మీద ఛాతీ వేసుకుని నవ్వుతూ వెనక్కి చూశాను. బావ దూరంగా నీళ్ల మీద బోర్లా తేలుతున్నాడు. అలసట తీర్చుకునేటప్పుడు ఎప్పుడూ అలాగే తేలుతాడు, గాలి పీల్చే గొట్టం నోట్లో పెట్టుకుని, ముఖం నీళ్లలో ఉంచి. చెయ్యి ఎత్తి ఊపాను. తాడు లాగుతూ ఇంకాసేపు చేపతో గడిపాను. మళ్లీ చూస్తే అలాగే ఉన్నాడు. అప్పుడు కనిపించింది, గొట్టం నోట్లో లేదు.

ఏ ట్యూబుకోసం వెళ్లానో దాన్ని ఆ క్షణంలోనే వదిలేశాను. చేప, తుపాకి, తాడు అన్నీ పోయాయి. నాకు గుర్తున్నది బావ గడ్డం చల్లదనం, ఆ పెదాల రంగు. ఊదాను, కొట్టాను, అరిచాను. రాళ్ల దగ్గర జాలరులు ఈదుకుంటూ వచ్చారు. ప్రతి వారం మమ్మల్ని చూసి నవ్వే ఆయనే బావని ఒడ్డుకి లాగి ఛాతీ నొక్కాడు. ఊపిరి తిరిగి వచ్చింది. మనిషి మాత్రం రాలేదు.

ఆసుపత్రి వరండాలో అక్క నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు పక్కనే ఉన్నావు కదరా?"

"పక్కనే ఉన్నానక్కా," అన్నాను. "పైకి రాగానే అడిగాను. పలకలేదు."

ఎందుకు అబద్ధమాడానంటే పిరికితనం, అంతే. దానికి ఇంకో పేరు వెతకదలచుకోలేదు. మెదడుకి గాలి అందక పోయిన స్పృహ ఇక తిరిగి రాదని డాక్టరు ఆ వారమే తేల్చి చెప్పాడు. చుట్టాలు మాత్రం ఇప్పటికీ వచ్చి, "ఎప్పుడో ఒకప్పుడు లేసి కూకుంటాడమ్మా" అని అక్కకి చెప్పి, కాఫీ తాగి వెళ్తారు. వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. వాళ్లు నమ్మని మాటని ఆమె చేత నమ్మిస్తారు.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే బస్సెక్కి దువ్వాడ వెళ్తాను. అక్కవాళ్లు అద్దెకుండే ఇల్లు స్టేషనుకి దగ్గర. బావని కుర్చీలో కూర్చోబెట్టి గెడ్డం గీస్తాను, ఒళ్లు తుడుస్తాను. ఊపిరి చక్కగా తీస్తాడు. ఇప్పుడు ఆయన చేసే పని అదొక్కటే. రైలు వెళ్తే చూపు కదులుతుంది, అదీ శబ్దానికే అని డాక్టరు అన్నాడు. బయలుదేరేముందు వంగి, చెవి దగ్గర "ఉన్నావా బావా?" అని అడుగుతాను. ఆశ ఉండి కాదు. ఆ రోజు అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నాను.

మొన్నటి ఆదివారం అలా అడిగి లేచేసరికి అక్క వెనకాల నిలబడి ఉంది. చేతిలో జావ గిన్నె. బావని చూసింది, తరవాత నన్ను.

"ఆ రోజు కూడా ఇలాగే అడిగావేటి?"

"అడిగానక్కా."

గిన్నె కింద పెట్టి, కొంగుతో బావ నోరు తుడిచింది. గొంతులో కోపం లేదు.

"నాను ఎన్నిసార్లు అడిగినా పలికాడురా. నీళ్లోసుకుంటన్నా పలికాడు, జొరంలో పలికాడు. నువ్వు అడిగుంటే పలికేవోడే."

అడిగానని ఇంకోసారి చెబుదామని నోరు తెరిచాను. గాలి లోపలికి వెళ్లింది, మాట బయటికి రాలేదు. అక్క నా ముఖం చూసింది. గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. కుళాయి చప్పుడు వినిపించింది, ఆగింది. అక్కణ్ణుంచే, వెనకటి రోజుల్లోలా కేకేసింది.

"ఏటి, ఉన్నావా?"

ఎవర్ని అడిగిందో తెలియలేదు. ఇద్దరం పలకలేదు.