సీసాలు మారలేదండి

మా డాక్టరు సీతాపతిగారు మొన్న ఆదివారం జగ్గయ్యపేటలో తమ ఇంట్లో పరమపదించారు. ఆ సంగతి తెలియక సోమవారం నేను నందిగామలో ల్యాబు తెరిచి, ఆయనకు చూపించాలని శనివారం పక్కన పెట్టిన స్లైడును మైక్రోస్కోపు కింద అమర్చి, ఆయన వచ్చే తొమ్మిదింబావు బస్సు కోసం చూస్తున్నాను. బస్సులోంచి ఆయన అల్లుడుగారు దిగారు. విషయం విన్నాక, "కూర్చోండి" అన్నాను.

డాక్టరుగారు చేసే పనేమిటో ఊళ్లో చాలామందికి తెలియదు. ఆయన నాడి చూసేవారు కారు, మందు రాసేవారు కారు. సర్జన్లు పుండులోంచి కోసి పంపిన మినపగింజంత ముక్కను చూసి అది క్యాన్సరో కాదో చెప్పేవారు. ఆ ముక్కను మైనంలో బిగించి, ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, రంగులద్ది ఇవ్వడం నా పని. చర్మానికొచ్చే అరుదైన క్యాన్సర్లంటే ఆయనకు అంతులేని జిజ్ఞాస. "ముక్క సగమే చెబుతుందమ్మా. మిగతా సగం మనిషినడగాలి" అనేవారు.

నేను చేరిన కొత్తల్లో ఒకరోజు రెండు సీసాలు వచ్చాయి. ఒకటి, సున్నపుబట్టీలో ఎప్పుడో కాలిన కాలి మీద పుండు పడ్డ ఒక పెద్దాయనది. రెండోది మిరపకోతలకు వెళ్లే నాగరత్నమ్మది. నడుం పక్కన పుండు. తామరనుకుని రెండేళ్లుగా పూతమందు రాసుకుంటోంది. డాక్టరుగారు రెండూ చూశారు. కాలి ముక్కలో ఏమీ లేదు. నడుం ముక్కలో క్యాన్సరు కణాలు గులాబి రంగు ముత్యాల్లా పొరలు చుట్టుకుని లోతుకు దిగి ఉన్నాయి.

"ఇది తిరగబడిందే," అన్నారు. "ఇలాంటిది కాలిన మచ్చ మీద వస్తుంది, ఎండ తగిలే చోట వస్తుంది. చీర చాటున ఉండే నడుముకెందుకొస్తుంది? సీసాలు మార్చావేమో చూడమ్మా."

పెన్నుకు మూత పెట్టేశారు. నేను మార్చలేదు. కానీ మారాయనుకుంటే ఆ పెద్దాయన కాలికి లేని జబ్బు అంటగడతారు, నాగరత్నమ్మ పూతమందుతో ఇంటికి పోతుంది. ఆమె మా వరండా బల్ల మీదే కూర్చుని, కంచికచర్ల బస్సెన్నింటికని అందరినీ అడుగుతోంది. నడుముకెందుకొచ్చిందో నాకు తోచింది. నా నడుముకూ ఒక నల్లటి గీత ఉంది. మగవాళ్లతో అనే మాట కాదది. అప్పటిదాకా ఆయనతో "సరేనండి" తప్ప ఇంకేమీ మాట్లాడి ఎరగను.

"సీసాలు మారలేదండి," అన్నాను గోడవైపు చూస్తూ. "అక్కడే లంగా బొందు బిగించి కట్టుకుంటామండి. రోజూ అదే చోట. ఒరుసుకుపోయి నల్లబడుద్దండి."

ఆయన మైక్రోస్కోపు వదిలి నావైపు తిరిగారు.

"ఇన్నేళ్లుగా చర్మాలు చూస్తున్నా. ఈ మాట నాకు ఒక్క ఆడమనిషీ చెప్పలేదు. మా ఇంట్లో ఆవిడ కూడా."

"మీరడగలేదు కదండీ," అనేశాను.

ఆయన నవ్వారు. "ఇప్పుడడుగుతున్నా. వెళ్లి చూసిరా."

నాగరత్నమ్మను లోపలి గదికి తీసుకెళ్లాను. "ఏందమ్మాయ్, తామరకింత తతంగమా?" అంటూనే ఆమె బొందు వదులు చేసింది. ఏళ్ల తరబడి బొందు కోసిన గాడి. సరిగ్గా ఆ గాడిలోనే పుండు. వచ్చి చెప్పాను. ఆయన పెన్ను మూత తీశారు.

గుంటూరులో ఆపరేషనైంది. మరుసటేడు కోతలప్పుడు ఆమె మళ్లీ వచ్చింది. "బొందు వదులుగా కట్టమన్నారు. చేలో చీర జారితే ఎవురు పట్టుకుంటారండీ డాక్టరుగారూ?"

"మా అమ్మాయినడుగు. ఈ విద్యలో నాకు గురువు ఆవిడే," అన్నారాయన. నేను ముక్కలు కోస్తున్నట్టు తల వంచుకున్నాను. అప్పటినుంచి రోగి వివరాలు రాసే మా ఫారంలో ఆయన చేత్తో రాసిన ఒక ప్రశ్న చేరింది: అక్కడ ఏం ఒరుసుకుంటుంది?

తనకు తెలియదని అంత ఆనందంగా ఒప్పుకున్న విద్వాంసుణ్ణి నేను మరొకరిని చూడలేదు. ఆ లోటు తీరేది కాదు.

సోమవారం నాటి స్లైడు ఒక ముసలాయన భుజానిది. ఇక మా స్లైడులన్నీ విజయవాడలో వేరే డాక్టరుకు వెళ్లాలి. పంపేముందు చూస్తే, ఫారంలో ఆ ప్రశ్న దగ్గర ఖాళీగా ఉంది. నిన్న ఆ ముసలాయన రిపోర్టు కోసం వచ్చి వరండాలో కూర్చున్నాడు. పెన్సిలు పట్టుకుని వెళ్లి అడిగాను.

"ఈ భుజం మీద ఏం మోసేవారండీ?"

"కావడమ్మా. పెళ్లికాక ముందునుంచీ, ఈ భుజమ్మీదే."

రాసుకున్నాను. డాక్టరుగారికి చూపిద్దామని గబగబా లోపలికి వచ్చాను. మైక్రోస్కోపు ముందు స్టూలు ఖాళీగా ఉంది.