థద్రీ నాటి నిప్పు

జపానులోని కోబే రేవుకు ఎగువన, కితానో వాలులో, సింధీ మండలి భవనాన్ని ఆనుకుని ఉన్న ఇంట్లో పోపటీ దాదీ ఉండేది. ఆ ఇంటి వీధి తలుపుకు రెండు గడియలు. పైది దొంగల కోసం, కిందది బంధువుల కోసం అనేది. ఆ మాట నవ్వుతూ అనేది కాదు.

దాదీ అంటే సింధీలో అక్క. వయసు మళ్ళిన స్త్రీ ఎవరైనా అక్కడివారందరికీ అక్కే. ఆమె ఇంటి పక్కవాటాలో నేను చాలా ఏళ్ళు అద్దెకున్నాను. నాదా పేటలో బియ్యపు సారా తయారుచేసే కార్ఖానాలో నీటిని పరీక్షించడం నా ఉద్యోగం. అన్నేళ్ళ పరిచయం తర్వాత కూడా, చక్కెర అడగడానికి తలుపు తడితే, గిన్నె అందుకునే ముందు "దేనికి వాసూ?" అని అడిగేది. జవాబు విన్నాక గిన్నె నింపి ఇచ్చేది. కానీ అడగకుండా ఇచ్చిన రోజు నాకు గుర్తులేదు.

ఆ స్వభావానికి ఒక కారణం ఉంది. ఆమె పుట్టింది హైదరాబాదులో. మన హైదరాబాదు కాదు, సింధు నది ఒడ్డున ఉన్నది. దేశం చీలిన శీతాకాలంలో ఆమె కుటుంబం కరాచీ రేవులో ఓడ కోసం పడిగాపులు కాసింది. అక్కడ ఒక మనిషి వారి దగ్గర చేరాడు. చక్కటి సింధీ మాట్లాడేవాడు. ఆమె తల్లిని చెల్లీ అని పిలిచి, మంచినీళ్ళు తెచ్చిపెట్టి, సామాను చుట్టూ పహరా కూడా కాశాడు. ఓడ ఎక్కే వేళకు అతనూ లేడు, తల్లి నగల మూటా లేదు.

"అంత తియ్యటి సింధీ నేను మళ్ళీ వినలేదు వాసూ" అనేది దాదీ.

అప్పటికి ఆమె పేరు మోహిని. బొంబాయిలో పెళ్ళినాడు, వాళ్ళ ఆచారం ప్రకారం, పళ్ళెంలో బియ్యం పరచి, అత్తవారిచ్చిన కొత్త పేరును అందులో వేలితో రాశారు. పోపటీగా ఆమె కోబే వచ్చింది. మోతోమాచిలో భర్తకు బట్టల దుకాణం ఉండేది. పిల్లలు కలగలేదు. భర్త పోయాక దుకాణం అమ్మేసి, మండలి భవనం పైగదిలో ప్రతి ఆదివారం పిల్లలకు సింధీ నేర్పడం మొదలుపెట్టింది. భాష వచ్చిన ప్రతివాడూ మనవాడు కాడని ఆమెకు కరాచీలోనే తెలిసింది. అయితే భాష పోగొట్టుకున్నవాడు ఎప్పటికీ మనవాడు కాలేడని కూడా ఆమె అంతే గట్టిగా నమ్మేది.

పెద్ద భూకంపం తర్వాత చాలా కుటుంబాలు ఒసాకాకు, హాంకాంగుకు, దుబాయికి తరలిపోయాయి. మూడో వేసవి నాటికి ఆమె బడిలో ఐదుగురు పిల్లలు మిగిలారు. మండలి అధ్యక్షుడు ఝమట్‌మల్ కెమెరాల ఎగుమతిదారు. ఖాళీ స్థలం చూస్తే ఊరుకోలేని మనిషి. ఒక ఆదివారం పైగదిలోకి వచ్చి చుట్టూ చూశాడు.

"దాదీ, నీ బళ్ళో పిల్లలకన్నా కుర్చీలెక్కువ. ఆరుగురైనా లేకపోతే ఇక్కడ కరోకే పెట్టేస్తాం. కనీసం పెద్దాళ్ళన్నా వస్తారు."

"పెట్టు ఝమట్. నువ్వొక్క పాట ఎత్తుకుంటే చాలు, ఉన్న కుర్చీలు కూడా ఖాళీ అవుతాయి."

"నవ్వులాట కాదు దాదీ, మండలి నిర్ణయం. ఆగస్టు చివర్లో సమావేశం. అప్పటికి ఆరో పిల్లనో పిల్లాణ్ణో చూపించు."

ఆ జులైలోనే నోతన్ రామ్ వచ్చాడు. చిలీ దేశపు దక్షిణపు కొసన పుంటా అరేనాస్ అనే రేవు పట్టణం అతనిది. అక్కణ్ణుంచి వచ్చే చేపలను జపాను కంపెనీలకు అమ్మే పని మీద భార్యతో, ఇద్దరు కూతుళ్ళతో కోబే చేరాడు. అప్పడం, మంచినీళ్ళు ముందు పెట్టి దాదీ అతన్ని కూర్చోబెట్టింది. సినిమాల హిందీ, రేవు ఇంగ్లీషు ఇద్దరికీ ఎంతో కొంత వచ్చు. అవి చాలని చోట నేను అందించాను.

"ఏ ఊరయ్యా మీది?"

"హైదరాబాద్ దాదీ. సింధులోది. తాతగారు అక్కడే ఓడెక్కారట."

"హైదరాబాదులో ఓడెక్కారా? సముద్రం ఎప్పుడొచ్చింది మా ఊరికి?"

"అంటే... కరాచీలో అనుకుంటా."

"ఏ వీధి?"

"తెలీదు."

"ఇంటిపేరు?"

"రామ్. అది తాతగారి పేరు. దిగిన చోట గుమాస్తా అదొక్కటే రాసుకున్నాడట."

"మన ఇంటిపేర్లకి చివర 'ఆణీ' ఉంటుంది. మీది దారిలో నీళ్ళలో పడిపోయిందన్నమాట. పిల్లల పేర్లు?"

"ఇనెస్, పౌలా."

దాదీ నాకేసి చూసింది. మళ్ళీ అతనికేసి తిరిగింది.

"సింధీ ఒక్క ముక్కా రాదా?"

"నానమ్మతోనే పోయింది దాదీ. అందుకే పిల్లల్ని మీ దగ్గర..."

"చూద్దాంలే" అంది.

అతను వెళ్ళగానే రెండు గడియలూ వేసింది.

"ఒక్క పిల్ల తక్కువైతే ఇద్దరు ఊడిపడ్డారు. నీ సీసాల్లో లెక్క ఇంత బాగా కుదిరితే నువ్వు నమ్ముతావా?"

"మళ్ళీ పరీక్ష చేస్తాను."

"అదీ మాట. వీణ్ణి ఝమట్ పంపించాడు. నేను ఆశపడి చేర్చుకుంటాను. సమావేశంలో వాడు లేచి, చూడండి, దాదీకి పిల్లలు దొరక్క దారినపోయేవాళ్ళని పట్టుకొచ్చిందంటాడు. ఇక ఆ గది తలుపు నాకు తెరుచుకోదు."

ఆ తర్వాత నెల రోజుల పాటు ఆమె నోతన్‌ను గమనించింది. అతను ఏ దుకాణంలో ఏం కొన్నాడో కూరగాయలమ్మే మనిషిని అడిగింది. మండలి మెట్ల మీద ఝమట్‌మల్ అతని భుజంపై చెయ్యి వేసి నవ్వడం వంటింటి కిటికీలోంచి చూసి, గుళ్ళో కనబడిన ప్రతి స్త్రీకీ ఆ సంగతి చెప్పి, వాడు దొంగ సింధీ అంది. ఇనెస్, పౌలా ఆదివారాలు వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడేవారు. దాదీ వాళ్ళని లోపలికి రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు.

శ్రావణంలో థద్రీ వచ్చింది. సింధీల ఇళ్ళలో ఆ రోజు శీతలామాత అనే అమ్మవారి పేరున పొయ్యి వెలిగించరు. ముందురోజే వంటంతా ముగించి, పొయ్యి మీద నీళ్ళు చిలకరించి చల్లార్చి, మర్నాడు చల్లటి తిండి తింటారు. అందులో ముఖ్యమైనది లోలో అనే తియ్యటి మందపు రొట్టె. పిండిలో పాకం, నెయ్యి ఎక్కువగా, నీరు చాలా తక్కువగా ఉంటుంది కనుక కోబే ఆగస్టు తేమలో కూడా అది చెడదు. దాదీ అన్నిటికన్నా కచ్చితంగా పాటించే ఆచారం ఇదే. నీళ్ళు కాచే కరెంటు పాత్ర తీగను కూడా గోడ నుంచి పీకేసేది. అందులో మంట లేదు కదా అని ఒకసారి అన్నాను.

"వేడి వేడే. ఏ గూట్లో ఉంటేనేం?" అంది.

థద్రీ ఉదయం నన్ను పిలిచి తన ఆలోచన చెప్పింది.

"వాణ్ణి రమ్మన్నాను. టీ తాగుతావా అంటాను. మనవాడైతే ఉలిక్కిపడతాడు. దొంగవాడైతే తాగుతానంటాడు. మాటలు ఎవడైనా నేర్చుకోవచ్చు వాసూ. ఉలికిపాటు నేర్చుకోలేడు."

"తాగుతానంటే?"

"గడపలోంచే బయటికి పంపిస్తా. పొయ్యి ఎందుకు వెలిగిస్తాను? నాకు మతి పోయిందా?"

నోతన్ వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. దాదీ అతని ముఖం కనబడేలా ఎదురుగా నిలబడింది.

"టీ తాగుతావా నోతన్?"

అతను ఉలిక్కిపడలేదు. తాగుతాననీ అనలేదు. పొయ్యికేసి చూశాడు, నాకేసి చూశాడు, తల వంచుకున్నాడు. ఆ మౌనానికి అర్థాలు చాలా ఉండవచ్చు. దాదీకి ఒక్కటే తోచింది, మోసగాడు సమయం కొనుక్కుంటున్నాడని.

"తాగుతావా లేదా? నోరు విప్పవేం?"

"మీ ఇష్టం దాదీ."

"నా ఇష్టమా? అయితే చూడు."

ఆమె ఒక్క అంగలో పొయ్యి చేరి మీట తిప్పింది. నీలి మంట గుప్పున లేచింది. నేను కుర్చీలోంచి లేచే లోపలే నోతన్ లేచాడు.

"వద్దు దాదీ! ఇవాళ కాదు!"

మీట వెనక్కి తిప్పాడు. కుళాయి కింద వేళ్ళు తడిపి, వేడెక్కిన ఇనుము మీద నీళ్ళు చిలకరించాడు. అది సుయ్యిమంది. వెలగని రెండు పొయ్యిల మీద కూడా అలాగే చిలకరించి, తడి వేళ్ళను నుదుటికి తాకించుకున్నాడు. అంతా ఆలోచించకుండా చేసినట్టే ఉంది. చేతులు తుడుచుకునే గుడ్డ కోసం వెతుకుతూ, అప్పుడు భయపడి ఆగిపోయాడు.

"తప్పయితే క్షమించండి. మీ పొయ్యి ముట్టుకున్నాను."

"ఎవరు నేర్పారిది నీకు?" దాదీ గొంతు పెళుసుగా ఉంది.

"నానమ్మ ఏటా ఒకరోజు చేసేది. దీని పేరేంటో నాకు తెలీదు. చల్లటి రోజు అనేవాళ్ళం. నిన్న ఈ మెట్ల దగ్గర తియ్యరొట్టెల వాసనొచ్చింది. రేపే అయ్యుంటుందనుకున్నా. తీరా మీరు టీ అనేసరికి, మీ ఇళ్ళల్లో ఈ పద్ధతి లేదేమో, పెద్దావిడకి నేను చెప్పడమేంటని ఊరుకున్నా."

"ఝమట్ చెప్పాడా ఇదంతా?"

"ఆయనా? మీ జోలికి పోవద్దన్నాడు. కరుస్తారన్నాడు."

"సరే. మీ నానమ్మ ఇంకేం చేసేదో చెప్పు."

"ఆగస్టంటే మాకు మంచు కురిసే నెల దాదీ. వంటపొయ్యి ఒక్కటే కాదు, ఇల్లు వెచ్చబెట్టే కట్టెల పొయ్యి కూడా ఆర్పేసేది. కోట్లేసుకుని, చేతులకి తొడుగులతోనే చల్లరొట్టె, పెరుగు తినేవాళ్ళం. పిల్లలు గడ్డకట్టి చస్తారమ్మా అని మా నాన్న ఏటా పోట్లాడేవాడు. నిప్పు ఎక్కడున్నా నిప్పేరా అనేది. ఆ రోజు రాకూడదని దణ్ణం పెట్టుకునేవాణ్ణి, నిజం చెప్తున్నా."

దాదీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మంచులో కట్టెల పొయ్యి ఆర్పడం..." అంది. "ఇది ఝమట్ బుర్రకి తట్టే సంగతి కాదు."

తర్వాత ఆమె చూపు తడిసిన పొయ్యి మీదికి మళ్ళింది. తన చెయ్యి చేసిన పని అప్పుడు గానీ ఆమెకు పూర్తిగా కనబడలేదు. లోలో ముక్క ఒకటి అతని ముందు పెట్టింది. తను తినలేదు. ఆ రోజంతా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఆ మాట బయటికి పోయే దారేమీ లేదు. నోతన్ చెప్పే మనిషి కాడు. నేను అంతకన్నా కాను. కానీ ఆగస్టు చివరి సమావేశంలో ఝమట్‌మల్ లేచాడు.

"రామ్ గారి పిల్లలిద్దర్నీ లెక్కలో వేశావు దాదీ. వాళ్ళు మనవాళ్ళేనని రుజువేమిటి? వాడు దొంగ సింధీ అని నెలంతా చెప్పిందెవరు, నువ్వు కాదూ? గుళ్ళో ఆడవాళ్ళందరికీ చెప్పావు. ఇప్పుడు బడి నిలబెట్టుకోడానికి మనవాళ్ళంటున్నావా?"

గది నిండా జనం. నోతన్ చివరి వరసలో ఉన్నాడు. థద్రీ పూజపళ్ళెం ఏటా దాదీ చేతి మీదుగానే నడిచేది; నిప్పు ముట్టని ఇల్లు అంటే అక్కడివారికి ఆమె ఇల్లే. రుజువు చెప్పాలంటే ఆ పేరు పోగొట్టుకోవాలి. చెప్పకపోతే గది పోతుంది. ఆమె బల్ల అంచు పట్టుకుని లేచింది.

"థద్రీ నాడు నా ఇంట్లో పొయ్యి వెలిగింది."

ఎవరో స్త్రీ "అయ్యో" అంది.

"నేనే వెలిగించాను. నా చేత్తో. ఆర్పింది ఇతను. నీళ్ళు ఎలా చిలకరించాలో అలా చిలకరించి ఆర్పాడు. వెలగని పొయ్యిలు కూడా వదల్లేదు. సింధీ రాదు ఇతనికి. నాకొచ్చు. వెలిగించింది నేను."

ఝమట్‌మల్ ఆమెకేసి తిరిగాడు.

"ఎందుకు వెలిగించావు దాదీ?"

"నిన్ను నమ్మక."

ఎవరూ నవ్వలేదు. ఇనెస్, పౌలా పేర్లు బడిలో చేరాయి. గది ఆమెకే ఉండిపోయింది. పూజపళ్ళెం మాత్రం ఝమట్‌మల్ భార్య చేతికి మారింది. ఏటా దాదీ ఇంటి నుంచి లోలోలు పట్టుకుపోయే ఆడవాళ్ళు, ఎవరూ చెప్పకుండానే, ఎవరికి వారే మానేశారు. దాదీ ఎవరినీ అడగలేదు. పిల్లలకు పాఠం చెబుతున్నప్పుడు మాత్రం గొంతు మునుపటికన్నా కాస్త పెంచేది.

మరుసటి శ్రావణంలో, థద్రీ ముందటి సాయంత్రం, లోలోల వాసన నా వాటాలోకి వచ్చింది. కాసేపటికి దాదీ నన్నూ, కూతుళ్ళతో సహా నోతన్‌నూ పిలిచింది. వంట ముగిసింది. పొయ్యి పక్కన నీళ్ళ గిన్నె ఉంది.

"నువ్వు చిలకరించు నోతన్."

"మీరు పెద్దవారు దాదీ. మీ ఇంటి పొయ్యి."

"ఈ చెయ్యి ఒకసారి తప్పింది. దీన్ని నేనిక నమ్మను."

అతను వేళ్ళు తడిపి చిలకరించాడు. మూడో పొయ్యి మరిచాడని ఇనెస్ సింధీలో గుర్తుచేసింది. దాదీ ఆ పిల్ల మాటను సరిదిద్దలేదు. సరిదిద్దవలసిన తప్పు అందులో లేదు. అందరికీ లోలో పెట్టి, కరెంటు పాత్ర తీగ తనే పీకేసింది.

వాళ్ళు మెట్లు దిగిపోయాక, ఒక్కో పొయ్యి మీదా అరచెయ్యి ఆనించి, నిజంగా చల్లారిందో లేదో చూసుకుంది.

"నువ్వూ చూడు వాసూ" అంది.