గోడవార మరక

అమ్మ సంవత్సరీకానికి చుట్టాలొస్తారని, ఎండకు వెలిసిపోయిన సిమెంటు అరుగుకు నాయనా నేనూ రంగు వేశాం. ఎర్ర ఆక్సైడు పొడిని సిమెంటు నీళ్లలో కలిపి, గుడ్డతో రుద్దుకుంటూ పోయాం. అరుగంతా పట్టింది గానీ, గోడవార జానెడు మేర ఎంత పూసినా రంగు నిలవలేదు.

"ఎప్పుడో నూనె ఒలికినట్టుండాది పాపా," అన్నాడు నాయన. చుట్టాలు వంక పెట్టకూడదని ఆయన పంతం. ట్యాంకరు నీళ్లు తాగడానికే చాలని కరువు రోజులవి. నేను సణుగుతున్నా వినకుండా ఒక బిందె తెచ్చి, బట్టల సోడా చల్లి, కొబ్బరి పీచుతో తోమి తోమి ఆ మరక వదిలించాడు. ఈసారి రంగు చక్కగా పట్టింది.

సంవత్సరీకం ముగిసి అందరూ వెళ్లిపోయాక, మధ్యాహ్నం నాయన అరుగు మీద నడుం వాల్చబోయి ఆగిపోయాడు. అమ్మ బతికున్నప్పుడు, చల్లగా ఉంటుందని ఆ గోడవారే వట్టి నేల మీద తల పెట్టుకుని పడుకునేది. తలకు ఆముదం లేనిదే ఆమెకు ఒక్క రోజూ గడిచేది కాదు.

"అది ఒలికిన నూనె కాదు పాపా," అన్నాడు.

వంగి, గోడవారంతా అరచేత్తో తడుముతూ పోయాడు. నేనూ వెతికాను. రంగు అంత బాగా కుదిరింది. ఆ చోటు ఏదో ఇద్దరికీ తెలియలేదు.