తార్రగోనాలో భాస్కర్ కుర్చీ

బార్సిలోనా వైపు వెళ్తే ఏమేం చూడాలని నేను సలహా అడిగింది ఎవర్నో తెలుసా? జెద్దాలో షరఫియా బజారు దాటి ఎటూ వెళ్ళని మనిషిని. అదీ నా తెలివి. వెటకారానికే అడిగాను. అది నాకే తగిలింది.

దెయ్యాలనీ మహిమలనీ నేనెప్పుడూ నమ్మలేదు. సౌదీకి వచ్చాక అసలే నమ్మలేదు. ఎగ్జిట్ వీసా లేనిదే ఆత్మ కూడా కదలలేని దేశం కదా అనుకునేవాణ్ణి.

యాన్బు రిఫైనరీ దగ్గర కాంట్రాక్టు క్యాంపులో నాదీ భాస్కర్‌దీ ఒకే గది. ఇద్దరం ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్లం. నాది ఏలూరు, అతనిది జగిత్యాల. గల్ఫ్‌కొచ్చి గల్లంతైన బాపతే ఇద్దరమూ. ఎప్పుడో వాల్వు కింద నలిగి, భాస్కర్ ఎడమ చిటికెన వేలు సగమే మిగిలింది.

మా జేబుల్లో ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్, ఉండేది; పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉండేది. తాళం పర్సనెల్ మేనేజర్ మూర్తిగారి దగ్గర. ఆయనా తెలుగువాడే.

కొత్త వాల్వుల మీద ట్రైనింగుకి భాస్కర్‌ని తార్రగోనా పంపాలనుకున్నారు. స్పెయిన్‌లో, బార్సిలోనాకి దిగువన, సముద్రం ఒడ్డున ఉన్న ఊరది. అక్కడివాళ్ళ భాష కటలాన్. భాస్కర్ కొత్త బూట్లు కొనుక్కున్నాడు. ఇంతలో కువైట్ గొడవ, ఆపైన యుద్ధం. సెలవులూ ఎగ్జిట్లూ అన్నీ ఆపేశారు.

అందరి ముందూ మూర్తిగారిని నిలదీశాడు భాస్కర్. "ఈ గోడ అవతల ఒక్కపారి నా కాళ్ళ మీద నేను నడిచొస్త సార్. నా పాస్‌పోర్టు నాకియ్యిండ్రి."

"యుద్ధంలో షికారేంటయ్యా? నీ పాస్‌పోర్టు నీకంటే క్షేమంగా ఉంది," అన్నారు మూర్తిగారు.

ఆ తర్వాతే మొదలైంది. డ్యూటీ దిగి మధ్యాహ్నం కునుకు తీసి లేచేవాడు. లేచి, ముందురోజు సినిమా కథ చెప్పినట్టు ఆ ఊరి సంగతులు చెప్పేవాడు. పెద్ద వీధి చివర సముద్రం మీదికి ఇనప కటకటాలున్నాయట. జనం అదృష్టం కోసం ఆ ఇనుముని తాకి వెళ్తారట. చేపల బజారు వెనక సందులో ఆకుపచ్చ తలుపు హోటలుందట. నడిపేది ఒక ముసలామె. రొట్టె మీద టమాటా రుద్ది, నూనె పోసి పెడుతుందట.

మతి చలించిందనుకున్నాను. గ్యాస్ మాస్కులు పంచుతున్న రోజులు. చలించనివాడెవడు?

యుద్ధం ఆగింది. ట్రైనింగు మళ్ళీ వచ్చింది. మూర్తిగారు భాస్కర్ పేరు కొట్టేసి నా పేరు రాశారు. గదికొచ్చి ఎలా చెప్పాలో తెలియక, "ఏమేం చూడమంటావోయ్, గైడుగారూ?" అన్నాను.

అతను నవ్వలేదు. "ఆ ముసలామె కాడ కూసో అన్నా. నేనిగ రానని చెప్పు."

తార్రగోనాలో పెద్ద వీధి చివర కటకటాలున్నాయి. జనం తాకుతున్నారు. సరే, ఏ పత్రికలోనో చదివుంటాడు అనుకున్నాను. క్యాంపుకి వచ్చే విదేశీ పత్రికల్లో ఆడవాళ్ళ బొమ్మల మీద నల్ల ఇంకు పూసేవారు గానీ, ఊళ్ళ బొమ్మలకి ఆ బాధ లేదు.

చేపల బజారు వెనక ఆకుపచ్చ తలుపు కూడా ఉంది.

మంచి ఎండ వేళ. లోపల ఎవరూ లేరు. ముసలామె నన్ను చూసి, నా భుజం మీదుగా గుమ్మం వైపు చూసింది. రెండు పళ్ళాలు పెట్టింది. అరబ్బీ, ఉర్దూ, ఇంగ్లీషు మూడింట్లోనూ తప్పులు మాట్లాడగలను నేను. ఆమె భాషలో తప్పు మాట్లాడే యోగ్యత కూడా లేదు. ఆమే తన ఎడమ చిటికెన వేలు సగానికి మడిచి చూపించింది. అతనేడీ అన్నట్టు కనుబొమలెత్తింది.

రాడని తల అడ్డంగా ఊపాను. కిటికీ పక్క కుర్చీని కొంగుతో తుడిచినట్టు ఏప్రన్‌తో తుడిచి, బల్ల మీదికి తిరగేసి పెట్టింది. నేను తినలేకపోయాను.

తిరిగొచ్చాక భాస్కర్ ఏమీ అడగలేదు. ఆ ఊరి మాట మళ్ళీ ఎత్తలేదు. మధ్యాహ్నాలు పడుకోవడం కూడా మానేశాడు. ఆ ఎండాకాలమే ప్లాంటులో కుప్పకూలి చనిపోయాడు. శవాన్ని పంపాలి కాబట్టి బీరువాలోంచి పాస్‌పోర్టు తీశారు. నేను చేత్తో పట్టుకుని ప్రతి పేజీ తిప్పాను. బొంబాయిలో ఎక్కిన ముద్ర, జెద్దాలో దిగిన ముద్ర. మిగతావన్నీ తెల్ల కాగితాలు.

ఆమె ఎవరిని చూసిందో నాకు ఇప్పటికీ తెలీదు. తెలిసినవాళ్ళుంటే చెప్పండి, వాదించను.

చాలా ఏళ్ళకి, రిటైరైన మూర్తిగారు ఫోన్ చేశారు. భార్యతో స్పెయిన్ వెళ్తున్నారట. "నువ్వెళ్ళావుగా, ఏం చూడాలోయ్?"

అన్నీ చెప్పాను. బార్సిలోనాలో పొద్దున్నే తిరగమన్నాను, వలెన్సియాలో అక్కడి పేరుమోసిన అన్నం వంటకం తినమన్నాను. తార్రగోనా మాత్రం ఏమీ బాగుండదన్నాను. చివర్లో గిరోనా చెప్పాను. అక్కడ స్తంభం ఎక్కుతున్న రాతి సింహం ఒకటుంది. దాని పిర్రని ముద్దు పెట్టుకుంటే మళ్ళీ ఆ ఊరు వస్తారని అక్కడివాళ్ళ సరదా నమ్మకం.

"మీలాంటి పెద్ద ఆఫీసర్లు తప్పకుండా చేస్తారు సార్, మేడంగారిని ఫొటో తియ్యమనండి," అన్నాను.

ఫొటో పంపారు. కోటు వేసుకుని, మెట్లెక్కి, కళ్ళు మూసుకుని, మహా భక్తిగా ఉన్నారు. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను. వచ్చినవాళ్ళంతా పడీపడీ నవ్వుతారు.

నేనూ నవ్వుదామనే పెట్టాను. నాకింకా నవ్వు రాలేదు.