నిచ్చెన ఎత్తు బంతి

మిల్లు గోడౌను వెనక దూది బేళ్ళు దించే గచ్చు మీద ఆడవాళ్ళ వాలీబాల్ జట్టు ఒకటి ఆడుతుండేది. షిఫ్టు దిగగానే, జుట్టులో దూది పీచు దులుపుకోకుండానే వచ్చేసేవాళ్ళు. అందులో బొద్దుగా ఉండే ఆవిడని లిఫ్టరమ్మ అనేవాళ్ళు. వల పక్కన నిలబడి, వచ్చిన బంతిని వేళ్ళ కొసలతో మెత్తగా పైకి లేపడం ఆమె పని. ఆ బంతిని ఎగిరి అవతలి నేలకేసి బాదే పొడగరికి నిచ్చెన అని పేరు.

ఇద్దరివీ నూలు వడికే స్పిన్నింగులో ఎదురెదురు మిషన్లు. ఆ రొదలో పక్కవాళ్ళ మాట వినపడదు. దారం తెగితే నిచ్చెన గొంతెత్తి "హూఁ" అని ఒక్క కేక వేసేది. లిఫ్టరమ్మ తల తిప్పకుండానే సాయానికి చెయ్యి చాపేది. ఆ కేకే గచ్చు మీదికీ వచ్చింది. హూఁ అని వినపడితే చాలు, వెనక్కి చూడకుండానే లిఫ్టరమ్మ లేపిన బంతి తిన్నగా వెళ్ళి నిచ్చెన అరచేతి ముందు నిలబడేది.

"మీ ఆయన పిలిస్తే ఇంత చప్పున పలకవు కదే!" అని జట్టువాళ్ళు ఏడిపించేవాళ్ళు.

"మా ఆయన పిలిస్తేగా! గొణుగుతాడు," అనేది లిఫ్టరమ్మ.

మిల్లు మూతపడింది. లిఫ్టరమ్మ ఆడపిల్లల బడిలో కోచ్‌గా చేరింది. నిచ్చెన మాత్రం మంచం పట్టింది. ఆసుపత్రి వార్డులో ఆమె కాళ్ళు మంచం దాటి బయటికి వచ్చేవి, నర్సులు వాటిని తప్పించుకుని నడిచేవాళ్ళు. చివరిసారి మాట్లాడినప్పుడు కూతురిని చూపించి, "దీన్ని నీ చేతుల్లో పెడుతున్నానే. వంకర బంతులు ఇచ్చావో, ఊరుకోను," అంది. లిఫ్టరమ్మ నవ్వింది. నవ్వుతూనే బయటికెళ్ళి, మందుల కొట్టు మెట్ల మీద కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది.

నిచ్చెన పోయాక లిఫ్టరమ్మ ఆ పిల్లని తన ఇంటికి తెచ్చుకుంది. మొదటిసారి బడి గ్రౌండుకు తీసుకొచ్చిన రోజున, వల దగ్గర నిలబెట్టి బంతి లేపబోతుంటే వెనక నుంచి కేక వినపడింది.

"హూఁ!"

అచ్చు అదే గొంతు. ఇంట్లో తల్లి దగ్గర నేర్చుకున్న కేక. లిఫ్టరమ్మ వేళ్ళు వాటంతటవే లేచాయి. బంతి అందంగా పైకి వెళ్ళి, పిల్ల చేతికి జానెడు పైనుంచి దాటిపోయింది.

పిల్లకి తండ్రి పొట్టితనం వచ్చింది. మిగతా పిల్లలకి లిఫ్టరమ్మ ఎవరి ఎత్తుకి వాళ్ళకి కొలిచినట్టు ఇచ్చేది. ఈ పిల్ల హూఁ అంటే మాత్రం బంతి ఎప్పుడూ పైపైనే వెళ్ళేది. "నీకు కాదే, కాకులకి ఇస్తున్నారు మేడమ్!" అని పిల్లలు నవ్వేవాళ్ళు.

ఓ రోజు ఆట అయ్యాక పిల్ల అడిగింది. "పెద్దమ్మా, నన్ను వెనక వరుసలో ఆడనియ్యి. బంతి కింద పడకుండా తియ్యడం నాకు బాగా వచ్చు."

"నిచ్చెన కూతురు వెనకాల దాక్కోవడమా? ఎగరవే, అదే వస్తుంది," అంది లిఫ్టరమ్మ.

జిల్లా జట్టు ఎంపికలప్పుడు ఏ బడి పిల్లకి ఆ బడి కోచే బంతి లేపాలి. ముందు రాత్రి లిఫ్టరమ్మ మంచంలో కూర్చుని, చేతులు గాల్లో పెట్టి, కాస్త కిందికి, ఇంకాస్త కిందికి అంటూ వేళ్ళకి నేర్పుకుంది. "దోమలా?" అన్నాడు భర్త.

మర్నాడు అంతమంది ముందు పిల్ల హూఁ అంది. బంతి దాటిపోయింది. ఇంకోటీ దాటిపోయింది. పిల్ల వల దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అంది. "పెద్దమ్మా, ఒక్కటంటే ఒక్కటి నాకియ్యి."

"నీకే ఇస్తున్నా కదే."

"కాదు. అమ్మకిస్తున్నావు."

తర్వాతి బంతి లిఫ్టరమ్మ చేతుల్లోంచి జారి నేల మీద పడింది.

పిల్ల ఏడవలేదు. వెళ్ళి వెనక గీత దగ్గర నిలబడి, ఇతరులు కొట్టే బంతుల కోసం పడీ లేచీ పాకులాడింది. మోచేతులు దోక్కుపోయాయి గానీ, ఒక్క బంతినీ నేల తాకనివ్వలేదు. అది చూస్తున్న స్పోర్ట్స్ హాస్టల్ కోచ్ పిల్లని పిలిచి తన జట్టులోకి తీసుకున్నాడు. ఆ వారమే పిల్ల పెట్టె సర్దుకుంది. లిఫ్టరమ్మ బట్టలు మడిచిపెట్టింది. ఉండమనే మాట నోటిదాకా వచ్చింది. ఏ మొహం పెట్టుకుని అంటుంది?

చాన్నాళ్ళకి ఆ జట్టు ఈ ఊళ్ళో ఆడటానికొచ్చింది. లిఫ్టరమ్మ మెట్ల మీద ఓ చివర కూర్చుంది. జట్టులో అందరిదీ ఒక రంగైతే వెనక వరుసలో పిల్లది వేరే రంగు చొక్కా. వల దగ్గర ఎగిరి కొట్టే హక్కు లేని ఆటగత్తెకి ఇచ్చే చొక్కా అది. ఎంత బాగా ఆడింది! లిఫ్టరమ్మ కళ్ళు మూసుకుని ఆ కేక కోసం చెవులు రిక్కించింది. "నాదీ! నాదీ!" అనే వినపడుతోంది. అందరు పిల్లల్లాగే.

ఆట అయ్యాక పిల్ల పరుగున వచ్చింది. "పెద్దమ్మా! ఎలా ఆడాను?"

"బంగారంలా ఆడావు. మరి కేక మానేశావేం?"

"అక్కడ అందరం నాదనే అంటాం పెద్దమ్మా. హూఁ అంటే ఎవరికీ అర్థం కాదు."

"ఒక్కసారి అనవే. నాకోసం."

బస్సులోంచి స్నేహితురాళ్ళు పిలుస్తున్నారు. పిల్ల అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూ మెల్లగా "హూఁ" అంది.

అది పిల్ల గొంతే. ఇంకెవరిదీ కాదు.

లిఫ్టరమ్మ ఒళ్ళో ఉన్న తన చేతులకేసి చూసుకుంది. వేళ్ళు కదల్లేదు.

"వెళ్ళవే, బస్సు కదిలిపోతుంది," అంది.